చేతివాద్యం, చౌకధర, వాద్యకారుని తీర్పు: బాస్ గిటార్ రూపకల్పనపై ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
తక్కువ ఖర్చుతో చేతితో తయారుచేసే బాస్ గిటార్ విషయంలో వాద్యకారులు చెప్పే అభిప్రాయాలకు ఎంత విలువ ఇవ్వాలి, వాటిని ఎలా తూచాలి అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. రామామాత్యుని వీణా విభజన, బొబ్బిలి వీణ, కిన్నెర, ఎలక్ట్రిక్ మాండొలిన్ వంటి తెలుగు అనుభవాలను, 1951 నాటి ఫెండర్ బాస్‌ను, కళ్లకు గంతలు కట్టి జరిపిన వాద్య పరీక్షలను ఆధారంగా చేసుకొని ఈ పరిశీలన సాగుతుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతంలోని చేతిపని వనరులను దృష్టిలో ఉంచుకొన్నాను.

కీలకపదాలు: బాస్ గిటార్, వీణ, మెట్లు, చేతివృత్తి, వాద్యకారుడు, పనస, కిన్నెర, శ్రుతి.

1. ఉపోద్ఘాతం:
పెద్దతిప్పసముద్రం ఒకప్పటి చిత్తూరు జిల్లా వాయవ్య అంచున, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న మండలం. సరిహద్దుకు అవతల కైవార నారాయణ తాతయ్య తత్త్వాలు, ఇవతల తరిగొండ వెంగమాంబ కీర్తనలు తంబురశ్రుతిలో తరతరాలుగా వినిపిస్తున్న నేల ఇది. ఇక్కడి భజన బృందానికి మంద్రనాదం కొత్త కాదు. తంబుర మోగుతున్నంతసేపూ పాటకు కింద ఒక నేల ఉంటుంది. నేటి పాటకచేరీ బృందాల్లో, చర్చి గాయకబృందాల్లో, కళాశాల వార్షికోత్సవాల్లో ఆ నేలను చాలావరకు కీబోర్డు వాయించేవాని ఎడమచెయ్యి మోస్తున్నది. బాస్ గిటార్ కొనగల స్తోమత లేకపోవడం అందుకు ఒక కారణం. చౌకగా దొరికే కర్మాగారపు వాద్యాలు శ్రుతి నిలవక, మెడ వంగి, కొన్నాళ్లకే మూలపడటం మరో కారణం.

కాబట్టి స్థానిక వడ్రంగి చేతిపనితో, స్థానిక కలపతో ఒక బాస్ గిటార్ చేయవచ్చునా అన్న ప్రశ్న ఊహామాత్రం కాదు. చేయడానికి కావలసిన నైపుణ్యం ఈ ప్రాంతంలో విడివిడి ముక్కలుగా ఉంది. దానిని ఎవరు పరీక్షించాలి, వారి మాటను ఎవరు ఎలా అర్థం చేసుకోవాలి అన్నదే అసలు చిక్కు. వాద్యకారుడు బాగుందంటే బాగున్నట్లు, లేదంటే లేనట్లు భావించడం మన వాద్యచర్చల్లో అలవాటుగా మారింది. ఈ అలవాటును ప్రశ్నించవలసి ఉంది.

2. తీర్పు ముందా, మెట్టు ముందా?
రామామాత్యుడు 1550లో రచించిన స్వరమేళకళానిధిలో వీణలను శుద్ధమేళ వీణ, మధ్యమేళ వీణ, అచ్యుతరాజేంద్రమేళ వీణ అని విభజించి, వాటిలో మళ్లీ ఏకరాగమేళ, సర్వరాగమేళ భేదాలను చెప్పాడు. ఏకరాగమేళ వీణలో మెట్లు ఒక రాగానికి తగినట్లు అమరుతాయి, రాగం మారితే మెట్టు జరపాలి. సర్వరాగమేళ వీణలో అన్ని స్వరాలకూ మెట్లుంటాయి, కనుక జరపనవసరం లేదు. ఈ భేదాన్ని సాధారణంగా సంగీతశాస్త్ర విషయంగానే చదువుతాం. నిజానికి ఇది వాద్యరూపకల్పన విషయం కూడా. వాద్యకారుని శ్రమ తగ్గించాలంటే శ్రుతిస్వచ్ఛతలో కొంత రాజీ పడాలి, స్వచ్ఛత కావాలంటే శ్రమ పెరుగుతుంది. రామామాత్యుని స్వరనిర్ణయాలను తర్వాతి శతాబ్దంలో వేంకటమఖి చతుర్దండీప్రకాశికలో ఎంత కటువుగా ఖండించాడో పాఠకులకు తెలిసినదే. ఆ ఖండనకు గురైన మార్గమే, అంటే స్థిరమైన మెట్ల మార్గమే, తంజావూరు రఘునాథ నాయకుని పేరిట ప్రసిద్ధమైన ఇరవైనాలుగు మెట్ల వీణగా మనదాకా వచ్చింది. శాస్త్రజ్ఞుని తీర్పు ఒకటి, వాడుక ఇచ్చిన తీర్పు మరొకటి అయింది.

వీణ మెట్లు మైనంలో కూర్చుంటాయి. మైనం కరిగించి మేళం మళ్లీ కట్టవచ్చు. అందువల్ల వైణికుని అసంతృప్తికి వీణ తయారైన తర్వాత కూడా సమాధానం దొరుకుతుంది. బాస్ గిటార్ మెట్టు అలా కాదు. చెక్కలో రంపంతో కోసిన గాడిలో లోహపు తీగను దిగగొడతారు. గాడి అర మిల్లీమీటరు తప్పినా ఆ పలక పారవేయవలసిందే. అందుచేత వాద్యకారుని అభిప్రాయం సేకరించవలసిన సమయం వాద్యం పూర్తయిన తర్వాత కాదు, గాడి కోయక ముందు. ఏ భాగం మార్చవచ్చు, ఏ భాగం మార్చరానిది అన్న విభజన లేకుండా సేకరించిన అభిప్రాయం తయారీదారుకు బాధను మిగులుస్తుంది గాని ఉపయోగపడదు.

3. కొలతలు చెప్పేది:
ఇక్కడ కొంత లెక్క అవసరం. మెట్ల గిటార్లలో నట్ నుంచి బ్రిడ్జి వరకు గల తీగ పొడవును 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం వస్తుంది. మిగిలిన పొడవును మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే రెండవది, ఇలా చివరిదాకా. 34 అంగుళాల (863.6 మి.మీ.) బాస్‌లో మొదటి మెట్టు 48.5 మి.మీ. దగ్గర పడుతుంది. 30 అంగుళాల (762 మి.మీ.) బాస్‌లో 42.8 మి.మీ. దగ్గర. నట్ నుంచి నాలుగవ మెట్టు వరకు మొదటిదానిలో 178 మి.మీ., రెండవదానిలో 157 మి.మీ. పదిహేనేళ్ల విద్యార్థి వేళ్లకు ఈ రెండు సెంటీమీటర్ల తేడా సామాన్యమైనది కాదు. అదే తీగను అదే శ్రుతిలో ఉంచితే బిగువు పొడవు వర్గాన్ని అనుసరిస్తుంది గనుక, 30 అంగుళాల వాద్యంలో బిగువు సుమారు 22 శాతం తగ్గుతుంది. మెడపై భారం తగ్గడం తయారీదారుకు లాభం. మంద్రపు తీగ వదులై మెట్లపై గరగరలాడటం వాద్యకారునికి నష్టం. కొంచెం లావు తీగ వేస్తే ఈ నష్టం కొంత తీరుతుంది.

ఇరవై ఏళ్లు 34 అంగుళాల వాద్యం వాయించినవాడు 30 అంగుళాలదాన్ని చేతిలోకి తీసుకోగానే "ఇది బొమ్మలా ఉంది" అంటాడు. ఈ మాటలో అబద్ధం లేదు, కాని ఇది వాద్యం గురించిన మాట కాదు, అతని చేతి జ్ఞాపకం గురించిన మాట. ఇదే పొట్టి కొలతగల హాఫ్‌నర్ బాస్‌ను 1961లో పాల్ మెకార్ట్నీ హాంబర్గ్‌లో కొనడానికి దాని ధర, సుమారు 30 పౌన్లు, ఒక ముఖ్య కారణం. దాని ఆకారం రెండువైపులా ఒకేలా ఉండటంతో ఎడమచేతివాటానికి తిప్పి పట్టుకొన్నా వికృతంగా కనిపించకపోవడం మరొక కారణం. చౌక అన్న పరిమితిలోంచి వచ్చిన ఎంపిక తర్వాత ఒక తరం చెవికి ప్రమాణమైంది.

4. కలప విషయంలో ఒక భ్రమ:
వాద్యం అనగానే మనకు పనస గుర్తొస్తుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీకులు ఒకే పనసమానును తొలిచి చేసే ఏకాండి వీణ ఇందుకు కారణం. ఆ వీణ విషయంలో పనసకు ఇచ్చే ప్రాధాన్యం సరైనదే. వీణలో కుండ, దానిపై పలక కలిసి నాదాన్ని గాలిలోకి పంపుతాయి, కనుక చెక్క పలచన, ఎండుదల, నార దిశ అన్నీ వినిపిస్తాయి. బాస్ గిటార్‌కు ఈ తర్కాన్ని యథాతథంగా వర్తింపజేయడం పొరపాటు. దాని అట్టడుగు తీగ సెకనుకు సుమారు 41 కంపనాలతో మోగుతుంది. గాలిలో ఆ నాదపు తరంగదైర్ఘ్యం ఎనిమిది మీటర్లకు పైమాటే. ఒళ్లో పట్టేంత పెట్టె దానిని బలంగా వినిపించలేదు. అందుకే డబుల్ బాస్ మనిషంత ఎత్తు పెరిగింది, అందుకే బాస్ గిటార్ విద్యుత్తును ఆశ్రయించింది. ఇందులో తీగ కంపనాన్ని పట్టుకొనేది అయస్కాంతం చుట్టూ చుట్టిన రాగితీగ, అంటే పికప్. చెక్క పాత్ర పూర్తిగా లేదనను. మెడ గట్టిదనం నాదం ఎంతసేపు నిలుస్తుందన్నదాన్ని ప్రభావితం చేస్తుంది. కాని దేహానికి పనసే కావాలని పట్టుబట్టడానికి ఇక్కడ ఆధారం తక్కువ.

2018లో లాంకస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఈ సందర్భంలో చూడదగినది. వెనుక, పక్క చెక్కలు తప్ప మిగతా అంతా ఒకేలా ఉన్న ఆరు అకూస్టిక్ గిటార్లను 52 మంది వాద్యకారులు కళ్లకు కనిపించకుండా వాయించి చూశారు. అరుదైన ఖరీదైన కలపకు, మామూలు కలపకు మధ్య నాణ్యతలో చెప్పుకోదగ్గ తేడాను వారు గుర్తించలేకపోయారు. చెక్క ఎక్కువగా మాట్లాడే అకూస్టిక్ గిటార్‌లోనే ఇలా ఉంటే, పికప్ మాట్లాడే బాస్ గిటార్‌లో దేహపు కలపకు డబ్బు పోయడం వివేకం అనిపించుకోదు.

ఈ ప్రాంతానికి ఇందులో ఒక ఊరట ఉంది. శేషాచలం కొండల ఎర్రచందనాన్ని జపానులో షామిసెన్ తయారీకి వాడిన చరిత్ర ఉంది. మన గడ్డమీద పుట్టిన అత్యంత ప్రసిద్ధమైన వాద్యకలప మన వడ్రంగికి చట్టరీత్యా అందుబాటులో లేదు, ఉండకూడదు కూడా. జిట్రేగికి 2017 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణలు వచ్చాయి, పూర్తయిన వాద్యాలకు 2019లో మినహాయింపు లభించింది. వేప, మామిడి, టేకు మిగిలాయి. చిత్తూరు సీమ మామిడితోటలకు పెట్టింది పేరు. కాపు తగ్గి కొట్టేసిన మామిడిచెట్టు పెట్టెల చెక్కగా, వంటచెరకుగా పోతున్నది. దేహానికి బాగా ఎండిన మామిడి, మెడకు నార నిలువుగా కోసిన టేకు, లోపల ఉక్కు ట్రస్ రాడ్ చాలు. నాలుగు తీగలూ కలిసి దాదాపు 75 కిలోల బరువుతో మెడను లాగుతాయి. ఆదా చేయరాని చోటు ఇదొక్కటే.

పికప్ విషయంలో మరొక మాట. బోరుబావుల మీద బతికే ఈ మెట్టసీమలో మోటారు రివైండింగ్ దుకాణం లేని చిన్నపట్టణం కనిపించదు. పికప్‌కు కావలసినది వెంట్రుక వంటి సన్నని ఎనామిల్ రాగితీగ, దాదాపు 10,000 చుట్లు. మోటారు తీగకంటే ఎంతో సన్నం కనుక చెయ్యి తేలిక కావాలి. అయినా రాగి చుట్టడం తెలిసిన చేతికి అది అందరాని విద్య కాదు. చెక్కడపు నైపుణ్యానికి శ్రీకాళహస్తి సమీపంలోని మాధవమాల దారుశిల్పులు ఉండనే ఉన్నారు. వాద్యం చేసే ఊరు లేదని చెప్పేవారు ఈ విద్యలను వేరువేరుగా చూస్తున్నారు, కలిపి చూడటం లేదు.

5. మాట ఒకటి, లోపం ఒకటి:
వాద్యకారుల అభిప్రాయాన్ని తూచడంలో అతిపెద్ద అవరోధం భాష. "బరువుగా ఉంది" అన్న ఒక్క మాటను తీసుకొందాం. తెలుగులో ఇది వాద్యం తూకం గురించి కావచ్చు, నాదపు నిండుదనం గురించి కావచ్చు, వాయించడంలోని కష్టం గురించి కూడా కావచ్చు. మొదటిది ఫిర్యాదు, రెండవది మెప్పు, మూడవది మళ్లీ ఫిర్యాదు. "తీగ గట్టిగా ఉంది" అన్నప్పుడు తీగ మెట్లకు ఎత్తుగా ఉండటమా, బిగువు ఎక్కువ కావడమా తెలియదు. మొదటిదానికి నట్‌ను ఆకురాయితో అరగదీస్తే సరిపోతుంది, రెండవదానికి వాద్యం పొడవే మార్చాలి. "శ్రుతి నిలవడం లేదు" అన్నది ఇంకా ప్రమాదకరం. బిరడా జారవచ్చు, కొత్త తీగ సాగుతుండవచ్చు, నట్ గాడిలో తీగ ఇరుక్కొంటుండవచ్చు, మెడ చెక్క పచ్చిగా ఉండి వంగుతుండవచ్చు. నాలుగింటికీ వాద్యకారుడు వాడే వాక్యం ఒకటే.

"ఎడమచెయ్యి లాగుతోంది" అన్న ఫిర్యాదు విన్న తయారీదారు మెడను సన్నగా చెక్కబోతాడు. అసలు లోపం మెడ లావులో కాక తూకంలో ఉండవచ్చు. దేహం తేలికైతే తలభాగం కిందికి వాలుతుంది, ఎడమచెయ్యి దానిని మోస్తూ ఉంటుంది. పట్టీ తగిలించే కొమ్మును పన్నెండవ మెట్టు దాకా పొడిగిస్తే ఆ బాధ పోతుంది. మెడను సన్నం చేస్తే మాత్రం 75 కిలోల లాగుడుకు అది వంగి, కొత్త ఫిర్యాదు పుడుతుంది. తేలికపాటి కలపను ఎంచుకొన్నవాడికి ఈ సంగతి ముందే తెలియాలి.

ఇంతకూ నేను చెప్పదలచింది ఏమిటంటే, వాద్యకారుడు బాధను సరిగా చెబుతాడు, కారణాన్ని చాలాసార్లు తప్పుగా చెబుతాడు. అతని మొదటి వాక్యం సాక్ష్యం, రెండవ వాక్యం ఊహ. రోగి చెప్పే నొప్పిని వైద్యుడు నమ్ముతాడు, రోగి చెప్పే మందును రాయడు. పరిశోధక విద్యార్థులు వాద్యకారుల ఇంటర్వ్యూలు తీసుకొనేటప్పుడు ఈ రెండింటినీ ఒకే వరుసలో రాయడం సిద్ధాంతగ్రంథాలలో కూడా కనిపించే లోపం. వాయిస్తున్న చేతిని చూడకుండా, ఏ తీగపై, ఏ మెట్టు దగ్గర అని అడగకుండా కేవలం ప్రశ్నావళి నింపించి అంకెలు వేయడం వల్ల "నూటికి ఇంతమంది తృప్తి చెందారు" అన్న వాక్యం వస్తుంది. ఆ వాక్యంతో ఏ వడ్రంగీ ఉలి కదపలేడు.

6. చూపును తొలగించిన చెవి:
పరువు అనేది వినికిడిలోకి ఎలా జొరబడుతుందో చూపిన పరీక్షలు ఉన్నాయి. 2010లో ఇండియానాపొలిస్‌లో క్లాడియా ఫ్రిట్జ్ బృందం 21 మంది వయొలిన్ విద్వాంసులకు వెల్డింగు కళ్లద్దాలు పెట్టి, వాసనతో కూడా గుర్తుపట్టకుండా వాద్యాలకు అత్తరు రాసి, మూడు కొత్త వయొలిన్లను, స్ట్రాడివేరి, గ్వార్నేరి వంటి మూడు పాత వయొలిన్లను వాయింపజేసింది. 2012లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఎక్కువమంది కొత్తదానినే ఇంటికి తీసుకుపోతామన్నారు. తమ చేతిలోనిది పాతదా కొత్తదా అన్నది నమ్మకంగా చెప్పలేకపోయారు.

మన చేతివాద్యానికి ఇదే పరిస్థితి తలకిందులుగా ఎదురవుతుంది. తలభాగంపై పేరులేని వాద్యాన్ని, అంచులలో చిన్న అసమానతలు కనిపించే వాద్యాన్ని చూడగానే చెవి ముందే మూసుకొంటుంది. అయితే ఈ పరీక్షలను కూడా గుడ్డిగా అనుకరించరాదు. పావుగంట వాయింపులో తెలిసేది వేరు, ఒక వేసవి, ఒక వానాకాలం గడిచాక తెలిసేది వేరు. ఎత్తైన, పొడిగాలి వీచే మదనపల్లెలో ఎండిన చెక్క విశాఖ తేమలో ఉబ్బుతుంది. ఆ సంగతి ఏ కళ్లగంతల పరీక్షా చెప్పదు.

పోలిక ఎలా చేయాలో చెప్పడానికి మనం బయటికి పోనక్కరలేదు. నాట్యశాస్త్రంలో శ్రుతినిర్ణయానికి భరతుడు కొలతలో, తీగలలో ఒకేలా ఉన్న రెండు వీణలను తీసుకొమ్మన్నాడు. ఒకదానిని అలాగే ఉంచి రెండవదానిలో మాత్రమే మార్పు చేసి పోల్చడం ఆ పద్ధతి. ధ్రువవీణ, చలవీణ అన్న పేర్లతో తర్వాతివారు దీనిని స్థిరపరిచారు. బాస్ గిటార్ విషయంలో కూడా రెండు నమూనాలు చేసి, ఒకదానిలో ఒక్క అంశాన్నే, పికప్ స్థానాన్నో మెడ లావునో, మార్చి ఇద్దరు ముగ్గురు వాద్యకారుల చేతికిస్తే, వందమంది ప్రశ్నావళికంటే ఎక్కువ తెలుస్తుంది.

7. ఎవరి మాట రూపాన్ని మార్చింది?
1951లో ప్రెసిషన్ బాస్‌ను మార్కెట్టులోకి తెచ్చిన లియో ఫెండర్ రేడియోలు బాగుచేసేవాడు, గిటార్ వాయించడం తెలియదు. 1930ల మధ్యలోనే సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ మెట్లున్న ఎలక్ట్రిక్ బాస్ చేసినా అది నిలదొక్కుకోలేదు. ఫెండర్‌కు కలిసొచ్చిన గుణం, వాయించడం రాకపోవడంవల్ల తన చెవిని తాను నమ్ముకోక వాద్యకారుల చేతులను గమనించడం. దేహపు అంచులు 1954లో గుండ్రమయ్యాయి, 1957లో పికప్ రెండుముక్కలైంది, 1960 నాటి జాజ్ బాస్‌లో నట్ దగ్గర మెడ 38 మి.మీ.కు సన్నగిల్లింది. ఒక్క రూపం పదేళ్లలో ఇన్నిసార్లు కదిలింది. చౌక విషయంలో డాన్‌ఎలక్ట్రో ఇంకా ముందుకు పోయింది. నొక్కిన చెక్కపొట్టు అట్టలతో దేహం, లిప్‌స్టిక్ గొట్టాలలో అమర్చిన పికప్‌లు. ఆనాడు పేదవాని వాద్యమనిపించుకొన్న ఆ నాదాన్ని ఈనాడు కోరి కొంటున్నారు.

మన దగ్గర ఇందుకు సాటి ఉదాహరణ పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్. నాలుగు జంటతీగల వాద్యాన్ని అయిదు ఒంటితీగల ఎలక్ట్రిక్ వాద్యంగా మార్చుకోవడం అలంకారం కాదు. గమకానికి తీగను లాగవలసి వచ్చినప్పుడు జంటతీగ అడ్డుపడుతుంది. ఇక్కడ వాద్యకారుని ఫిర్యాదూ, కారణమూ, పరిష్కారమూ ఒకే మనిషిలో కలిశాయి. కిన్నెరలో ఈ కలయిక ఇంకా ముందుకు పోతుంది. వెదురు, ఎండిన సొరబుర్రలు, మైనంతో పన్నెండు మెట్ల కిన్నెరను నిలబెట్టుకొని, 2022లో పద్మశ్రీ అందుకొన్న దర్శనం మొగులయ్య సంప్రదాయంలో తయారీదారు, వాద్యకారుడు వేరువేరు కాదు. చౌకవాద్యానికి మన నేలమీద ఇంతకంటే గట్టి ఆదర్శం లేదు. ఇద్దరూ వేరైన చోటే అభిప్రాయసేకరణ అన్న సమస్య పుడుతుంది.

బొబ్బిలి అనుభవం మాత్రం హెచ్చరిక వంటిది. గొల్లపల్లిలో కచేరీ వీణతోపాటు బహుమతులకు ఇచ్చే చిన్న వీణలు కూడా తయారవుతాయి. వాటిని కొనేవాడు వాయించడు, గాజుపెట్టెలో పెడతాడు. అతని అభిప్రాయం నునుపు, మెరుపు, ధరలకు పరిమితం. చేతివృత్తికి ఆదాయం అవసరమే, ఆ చిన్న వీణలను నిందించను. అయితే కొనుగోలుదారుల్లో వాయించనివారు పెరిగినకొద్దీ తయారీదారు చెవికి చేరే మాటల్లో శ్రుతికి సంబంధించినవి తగ్గుతాయి. కొన్ని దశాబ్దాలకు మెట్టు కట్టే చెయ్యి చిత్తవుతుంది, చెక్కే చెయ్యి మిగులుతుంది.

8. చౌక ఎవరికి?
ఇక ధర సంగతి. చేతివాద్యం చౌక అన్నప్పుడు చాలామంది లెక్కలో కలప, తీగలు, బిరడాలు, పికప్ ఉంటాయి, వడ్రంగి రోజులు ఉండవు. అతని మూడు వారాల కూలిని లెక్కకట్టకుండా కర్మాగారపు వాద్యంతో పోటీ పడ్డామని చెప్పుకోవడం న్యాయం కాదు. కూలి కలిపితే చేతివాద్యం దుకాణంలోని అతిచౌక వాద్యంకంటే ఎక్కువే పడుతుంది. ఈ నిజాన్ని దాచి పథకాలు రాయడంవల్లనే చేతివృత్తుల ప్రాజెక్టులు మొదటి పది వాద్యాలతో ఆగిపోతున్నాయి. తగ్గించవలసినది కూలిని కాదు, పనిని. దేహానికి వంపుల చెక్కడం మానేసి పలకగా ఉంచడం, తలభాగాన్ని అతికించకుండా నేరుగా మెడలోంచే తీయడం, మెట్ల గాడులకు ఒకసారి ఉక్కు అచ్చుపలక చేసుకొని ప్రతిసారీ దానినే వాడటం, మెరుగునూనెతోనే సరిపెట్టడం. వాద్యకారులను అడగవలసిన ప్రశ్న కూడా అప్పుడు మారుతుంది. "ఎలా ఉంది?" అని కాక, "వీటిలో ఏది వదులుకోగలరు?" అని అడగాలి. ఎలా ఉందన్న ప్రశ్నకు మర్యాదతో కూడిన జవాబు వస్తుంది. పల్లెలో వాద్యం చేసినవాని ముఖం చూస్తూ దానిలో లోపం చెప్పడానికి మనవాళ్లు మొగమాటపడతారు. వదులుకోగలిగినది చెప్పమంటే ఆ మొగమాటం అడ్డురాదు.

వీణకు కొన్నేళ్లకొకసారి మేళం కట్టించుకొనే అలవాటు ఉంది. మేళం కట్టేవాడు ఇంటికి వచ్చి, మైనం తీసి, వైణికుని ఎదుటనే ఒక్కొక్క మెట్టూ అమర్చి, వాయింపజేసి, మళ్లీ సవరించి వెళతాడు. మెట్టుమెట్టుకూ అభిప్రాయం, దాని పక్కనే సవరణ. పెద్దతిప్పసముద్రంలో చేసిన బాస్ గిటార్ కుప్పంలోని విద్యార్థి చేతికి చేరితే, ఒక వానాకాలం గడిచాక దానిని చేసినవాడు వెళ్లి మెడ వంపు, నట్ గాడులు, బిరడాల బిగువు చూసి రావాలి. ఆ ప్రయాణపు ఖర్చు వాద్యం ధరలో మొదటిరోజే కలిసి ఉండాలి.